జనరేటరు లేని లైటింగు

శ్రీకాకుళం వెళ్లేవాళ్లు రైలు దిగేది ఆమదాలవలసలో. స్టేషను బోర్డు మీద మాత్రం 'శ్రీకాకుళం రోడ్' అని ఉంటుంది. డబ్బింగు సినిమాలో మొహం ఒకరిది, గొంతు మరొకరిది అన్నట్టు! దిగినవాళ్లు దిగినట్టే బస్సో ఆటోనో ఎక్కేసి పోతారు. వానాకాలంలో చీకటిపడే వేళకు దిగితే మాత్రం తొందరపడకండి. నాగావళి వైపు పొలంగట్టు మీద ఓ అరగంట నిలబడండి.

నేను నిలబడ్డాను. కాసేపటికి తుమ్మచెట్టు దగ్గర పచ్చటి చుక్క ఒకటి వెలిగి ఆరింది. జవాబుగా గడ్డిలో మరొకటి... మిణుగురులు!

ఇదంతా అచ్చమైన లవ్ సీను. చాలా జాతుల్లో మగపురుగు ఎగురుతూ మెరుస్తుంది. కింద కూర్చున్న ఆడపురుగు తన జాతి మెరుపును గుర్తుపట్టి బదులిస్తుంది. పొట్ట చివర ఉండే లూసిఫెరిన్ అనే పదార్థం, లూసిఫెరేజ్ అనే ఎంజైము సాయంతో, ఏటీపీ శక్తితో ఆక్సిజన్‌తో కలిస్తే ఆ వెలుగు పుడుతుంది. వేడి దాదాపు ఉండదు. స్టూడియో లైట్ల కింద మేకప్ కరిగిపోయే మన తారలు అసూయపడాల్సిన లైటింగు!

మనిషి ఊరుకుంటాడా? బతికున్న ప్రతి కణంలోనూ ఏటీపీ ఉంటుంది కదా! అందుకే ఆహార పదార్థాల ఫ్యాక్టరీల్లో కడిగిన పాత్ర శుభ్రపడిందో లేదో ఈ మిణుగురు సరుకుతోనే తేల్చుకుంటున్నారు. మురికి మిగిలితే వెలుగొస్తుంది! 1986లో అమెరికా శాస్త్రజ్ఞులు మిణుగురు జన్యువును పొగాకు మొక్కలో పెట్టి వెలిగించారు. జెల్లీచేపలో దొరికిన పచ్చగా మెరిసే ప్రోటీనుతో ఇప్పుడు కణాల లోపలి సంగతులు చూడగలుగుతున్నారు. ఆ పరిశోధనకే 2008లో షిమొమురా, చాల్ఫీ, సియెన్‌లకు నోబెల్ బహుమతి వచ్చింది. సినిమావాళ్లూ తక్కువ తినలేదు. 2009లో జేమ్స్ కామెరాన్ 'అవతార్'లో అడవినంతా వెలిగించాడు. మన అయోధ్యకుమార్ 2014లో చూపులేని పిల్లల కథ తీసి 'మిణుగురులు' అని పేరు పెట్టారు.

ఇంత వాడుకున్నాం. మరి వాటికి మనమిచ్చిందేమిటి?

గొడ్లు తోలుకెళ్తున్న ముసలాయన ఒకాయన ఆగి, "ఏటి బాబూ, మిణుగురు పురుగుల్నేనా సూత్తన్నారు? మా సిన్నప్పుడు సెట్టంతా ఎలిగీది. ఈదిలైట్లొచ్చినాయి, ఇవి పోనాయి" అన్నాడు.

ఆ మాటలో సైన్సంతా ఉంది. కరెంటు వెలుతురులో మగపురుగు మెరుపు కనబడదు. కనబడకపోతే జవాబు లేదు, జవాబు లేకపోతే సంతానం లేదు. తడినేలలో నత్తల్ని తిని పెరిగే పిల్లపురుగులకు పురుగుమందుల దెబ్బ వేరే!

వీధిదీపాలు వద్దని నేననను. చీకట్లో ఇంటికి చేరాల్సినవాళ్లకు దీపం కావాలి. ఆ వెలుగు కిందికి, రోడ్డు మీదికే పడేలా పైన డిప్ప పెడితే చాలు. పొలంగట్టుకు అది అక్కర్లేదు.

హాల్లో ఆట మొదలవ్వాలంటే ముందు లైట్లార్పుతారు కదా!