మంచు కొండల దాకా ఓడ... మరి బీమా?

డైనింగ్ టేబుల్ మీద ఓ పక్క అలాస్కా మ్యాపు. మరో పక్క మూడు బీమా కాగితాలు. మ్యాపు చూస్తుంటే అమ్మ ముఖం వెలిగిపోతోంది. కాగితాలు చూస్తుంటే కొడుకు నుదురు ముడిపడుతోంది. నాన్నగారు మాత్రం రెండూ తనకు సంబంధం లేనట్టు కాఫీ తాగుతున్నారు.

సియాటెల్ శివార్లలోని ఓ తెలుగు ఇల్లు అది. ఆర్నెల్లు ఉండి వెళ్దామని గుంటూరు నుంచి వచ్చారు పెద్దవాళ్లు. ఆయన హెడ్మాస్టరుగా రిటైరయ్యారు. వయసు 67. మూడేళ్ల కిందట గుండెకు స్టెంట్ వేశారు, షుగరూ ఉంది. ఆమెకు 63. రోజుకో బీపీ మాత్ర తప్ప మరో బాధ లేదు. ఆగస్టులో ఏడు రాత్రుల అలాస్కా ఓడ ప్రయాణానికి కొడుకు నలుగురికీ టికెట్లు తీసుకుని, డిపాజిట్ కట్టి పది రోజులైంది. ఇక మిగిలింది బీమా. ‘ఏదో ఒకటి తీసేసుకో’ అంటే అయిపోయే పనే అనుకున్నారంతా. కాగితాలు తిరగేశాకే తెలిసింది... ఓడ ప్రయాణానికి బీమా ఎంచుకోవాలంటే ముందు ఆ ఓడ వెళ్లే దారిని చదవాలని!

ఆ ఒక్క మాట

మొదటి కాగితం గుంటూరులో కొన్నది. మన దేశంలో అమ్మే విదేశీ ప్రయాణ బీమాను సాధారణంగా విమానం ఎక్కకముందే తీసుకోవాలి. వీళ్లూ అలాగే తీసుకున్నారు. అందులో ‘ఇప్పటికే ఉన్న జబ్బులు’ అన్న గడి దగ్గర ఒకే మాట... ‘లేవు’.

‘ఇదేంటి నాన్నా?’ అన్నాడు కొడుకు.

‘అలా రాస్తే ప్రీమియం తగ్గుతుందన్నాడ్రా ఏజెంటు. ఇప్పుడు నాకేమైందని? రోజూ నాలుగు కిలోమీటర్లు నడుస్తున్నా’ అన్నారాయన.

నిజమే, ఆయనకేమీ కాలేదు. కానీ ఏదైనా అయిన రోజున బీమా సంస్థ మొదట అడిగేది పాత వైద్యం కాగితాలనే. స్టెంట్ సంగతి దాచారని తేలితే గుండెకు సంబంధించిన క్లెయిము ఆగిపోతుంది. ఒక్కోసారి పాలసీయే రద్దవుతుంది. ఉన్న జబ్బు ఉన్నట్టు రాస్తే ప్రీమియం పెరగొచ్చు, ప్రాణాపాయం వచ్చినప్పుడు మాత్రమే ఫలానా మొత్తం దాకా ఇస్తామని షరతూ పెట్టొచ్చు. అయినా ఆ కాస్త హామీ నిజమైనది. ‘లేవు’ అన్న మాట మీద నిలబడ్డ హామీ ఎంత పెద్దదైనా ఉత్తదే.

అంతదాకా మ్యాపులో వేలు పెట్టి ఊళ్ల పేర్లు చదువుతున్న అమ్మ తలెత్తింది. ‘డబ్బులు కట్టి మరీ అబద్ధం కొనుక్కున్నామన్నమాట. ఏమండీ, నడిసముద్రంలో మీకేమన్నా అయితే ఆ ఏజెంటుకి ఫోన్ చెయ్యనా?’

ఆయన కాఫీ కప్పు కింద పెట్టారు.

రోడ్డు లేని రాజధాని

సియాటెల్‌లో బయల్దేరిన ఓడ ఓ పగలంతా సముద్రం మీదే ఉంటుంది. ఆపైన మొదట తగిలేది జూనో. అలాస్కా రాష్ట్రానికి రాజధాని. కానీ ఆ ఊరికి బయటి నుంచి రోడ్డు లేదు! ఓ పక్క నిటారు కొండలు, వాటి వెనక మంచు మైదానం. రావాలన్నా పోవాలన్నా ఓడో విమానమో ఎక్కాల్సిందే. ఊరి నడిబొడ్డు నుంచి 20 కిలోమీటర్లు వెళ్తే మెండెన్‌హాల్ హిమానీనదం. పడవలో కాస్త దూరం వెళ్తే నీళ్లలోంచి తోకలెత్తే హంప్‌బ్యాక్ తిమింగలాలు. వేసవి మేతకు అవి ఇక్కడికొస్తాయి.

చూడ్డానికి ఎంత బాగుంటుందో, ఒంట్లో బాగా లేకపోతే అంత ఇబ్బంది. జూనోలో ఆసుపత్రి ఉంది. అయితే గుండెకు పెద్ద చికిత్స అవసరమైతే చాలాసార్లు సియాటెల్‌కో యాంకరేజ్‌కో విమానంలో తరలిస్తారు. సియాటెల్ అక్కడికి దాదాపు 1,450 కిలోమీటర్లు. డాక్టరు, నర్సు, పరికరాలతో వెళ్లే ఎయిర్ అంబులెన్స్ ఖర్చు వేల డాలర్లలో మొదలై, దూరాన్ని బట్టి లక్ష డాలర్లు కూడా దాటొచ్చు. అందుకే ఓడ ప్రయాణాలకు వైద్యానికి కనీసం లక్ష డాలర్లు, తరలింపునకు రెండున్నర లక్షల డాలర్ల దాకా రక్షణ ఉంటే మంచిదని నిపుణులు సలహా ఇస్తుంటారు. సూట్‌కేసు పోతే ఎంతిస్తారన్నది ఆ తర్వాతి మాట.

కొడుకు ముందున్న రెండో కాగితం ఓడ సంస్థే అమ్మే పథకం. టికెట్‌తో పాటే వస్తుంది, ఒక్క గడిలో టిక్ పెడితే చాలు. ప్రయాణం రద్దు చేసుకున్నప్పుడు పనికొస్తుంది. కానీ ఇలాంటి పథకాల్లో వైద్యానికి, తరలింపునకు ఇచ్చే మొత్తాలు సాధారణంగా తక్కువ. కొన్నింటిలో కారణమేదైనా రద్దు చేసుకోవచ్చంటారు గానీ, డబ్బు బదులు మరో ప్రయాణానికి వాడుకునే క్రెడిట్ ఇస్తారు.

టన్ను సామాను ఉంటేనే...

జూనో తర్వాత స్కాగ్వే. వెయ్యిమందికి కాస్త పైగా ఉండే చిన్న ఊరు. 1896లో కెనడాలోని క్లోండైక్‌లో బంగారం దొరికిందని తెలిసి, ఆ మర్నాటి ఏడాది నుంచి వేలమంది ఇక్కడికొచ్చి కొండలెక్కారు. సరిహద్దు దగ్గర కెనడా పోలీసులు వాళ్లను ఆపి మూటలు చూసేవారు. ఏడాదికి సరిపడా తిండి, సరంజామా ఉన్నవాళ్లనే లోపలికి వదిలేవారు. మొత్తం కలిపి దాదాపు టన్ను బరువు! దాన్ని ఒక్కసారిగా మోయలేక అదే కొండను పదులసార్లు ఎక్కి దిగినవాళ్లున్నారు. 1900 నాటికి పూర్తయిన వైట్ పాస్ రైలు ఇప్పుడు యాత్రికుల్ని ఆ కొండల్లోకే తీసుకెళ్తుంది. 32 కిలోమీటర్లలో దాదాపు 2,900 అడుగులు ఎక్కుతుంది.

ఈ కథ విన్న హెడ్మాస్టరుగారు ‘అదీ ఆ రోజుల బీమా!’ అన్నారు. ఆయన కాగితాల వైపు తిరగడం అదే మొదలు. స్కాగ్వేలో క్లినిక్ ఉందిగానీ ఆసుపత్రి లేదని కొడుకు చెప్పాక, కళ్లజోడు పెట్టుకుని మూడో కాగితం ఆయనే అందుకున్నారు.

అది అమెరికా వచ్చే తల్లిదండ్రుల కోసం అక్కడి సంస్థలు అమ్మే సందర్శకుల బీమా. వీటిలో రెండు రకాలు. ఒక రకంలో ఫలానా పరీక్షకు ఇంత, ఫలానా ఆపరేషన్‌కు ఇంత అని ముందే గీత గీస్తారు. అసలు బిల్లు దానికి ఎన్నో రెట్లుంటుంది. రెండో రకం కాస్త ఖరీదు. మన వాటా పోగా మిగతా బిల్లును పాలసీ పరిమితి వరకు భరిస్తుంది. వీళ్లు చూస్తున్నది రెండోదే. ‘పాత జబ్బు హఠాత్తుగా తిరగబెడితే’ కూడా ఇస్తామని అందులో ఉంది. హఠాత్తుగా అంటే? ముందస్తు లక్షణాలేవీ లేకుండా రావాలి, 24 గంటల్లోపు వైద్యుణ్ని చేరాలి. 70 దాటితే ఆ మొత్తం తగ్గిపోతుంది. రోజూ వాడే మందులకు, మామూలు పరీక్షలకు పైసా రాదు.

మాస్టారి ఎర్ర సిరా

అసలు మెలిక తొమ్మిదో పేజీలో దొరికింది. పట్టుకున్నది మాస్టారే. జీవితమంతా పరీక్ష పేపర్లు దిద్దిన కన్ను కదా! మొదటి పేజీలో వైద్య తరలింపునకు పెద్ద మొత్తం రాసుంది. లోపలి పేజీలో మాత్రం, పాత జబ్బు వల్ల తరలించాల్సి వస్తే 25 వేల డాలర్లే అని చిన్న అక్షరాల్లో ఉంది. ఎర్ర పెన్నుతో దాని చుట్టూ సున్నా చుట్టారాయన. అంటే కాలు విరిగితే పెద్ద మొత్తం, గుండె నొప్పి వస్తే చిన్న మొత్తం. ఆయనకు ఏది వచ్చే అవకాశం ఎక్కువో ఇంట్లో అందరికీ తెలుసు.

ఓడ స్కాగ్వే దాటి వెళ్లేది గ్లేసియర్ బేకి. అక్కడ ఊరూ లేదు, రేవూ లేదు. 1794లో వాంకూవర్ బృందం చూసినప్పుడు ఆ అఖాతం ముఖద్వారం దాకా మంచే. ఆ తర్వాత వెనక్కి జరుగుతూ వంద కిలోమీటర్లకు పైగా తగ్గిపోయింది. అది ఖాళీ చేసిన దారిలోనే ఓడలు లోపలికెళ్తాయి. రోజుకు రెండు పెద్ద ఓడలకే అనుమతి. మంచు గోడ విరిగి నీళ్లలో పడుతుంటే తుపాకీ పేలినట్టుంటుంది.

అలాంటి చోట ఓడలోని వైద్యశాలే దిక్కు. డాక్టరు, నర్సులు, ఈసీజీ యంత్రం ఉంటాయి. రోగి పరిస్థితి దిగజారకుండా చూడగలరు. పెద్ద ఆపరేషన్లు చేయలేరు. బిల్లు గది ఖాతాలో పడుతుంది. ముందు మనం కట్టి, తర్వాత రాబట్టుకోవాలి. అవసరమైతే కోస్ట్‌గార్డ్ హెలికాప్టర్ వస్తుంది. ప్రాణరక్షణకు వాళ్లు బిల్లు వేయరు. అక్కడి నుంచి పెద్దాసుపత్రికి చేర్చే ప్రైవేటు విమానానిదే బిల్లంతా.

విక్టోరియా మెలిక

వానకు, చెక్కిన టోటెమ్ స్తంభాలకు పేరున్న కెచికాన్ చూశాక, ఆఖరి రాత్రి ఓడ కెనడాలోని విక్టోరియాలో ఆగుతుంది. అందం కోసమే కాదు. 1886 నాటి అమెరికా చట్టం ప్రకారం, విదేశీ జెండాతో తిరిగే ఓడ అమెరికా రేవులో ఎక్కించుకున్న ప్రయాణికుల్ని అక్కడే దించాలంటే మధ్యలో మరో దేశాన్ని తాకాలి. ఆ ఒక్క రాత్రి కోసం భారతీయ పాస్‌పోర్టు ఉన్నవారికి కెనడా వీసా కావాలి. అమెరికా వీసా మళ్లీ లోపలికి రానిచ్చేదై ఉండాలి. వీసా రాక ప్రయాణం ఆగిపోతే చాలా పాలసీలు డబ్బివ్వవు. కాబట్టి ముందు వీసా, తర్వాతే మిగతా సొమ్ము అని తేల్చుకున్నారు.

రద్దు సంగతి కొడుకూ కోడలూ చూసుకున్నారు. అమెరికాలో నివాసముండేవారికి అమ్మే ప్రయాణ బీమాల్లో కొన్నింటిని డిపాజిట్ కట్టిన రెండు మూడు వారాల్లోపు తీసుకుంటే పాత జబ్బుల మినహాయింపు ఎత్తేస్తారు. అది లేకపోతే, బయల్దేరే ముందు నాన్నగారికి గుండె నొప్పి వచ్చి అందరూ ఆగిపోయినా, ‘పాత జబ్బే కదా’ అని కొడుకు టికెట్ డబ్బూ ఇవ్వకపోవచ్చు. పది రోజులే అయింది కాబట్టి గడువు దొరికింది.

పెద్దవాళ్లకు సందర్శకుల బీమా ఉంచి, తరలింపు కోసం విడిగా సభ్యత్వం తీసుకున్నారు. అందులోనూ వయసు, పాత జబ్బు షరతులుంటాయి. అందుకే స్టెంట్ వేసిన తేదీ, వాడే మందులు అన్నీ రాసి, ‘ఈయన్ని గ్లేసియర్ బే నుంచి సియాటెల్ చేరుస్తారా?’ అని ముందే ఉత్తరం పంపారు. చేరుస్తామని రాతపూర్వకంగా వచ్చాకే డబ్బు కట్టారు. ఆ ఉత్తరం మాస్టారే రాశారు. మొదటి వాక్యం... ‘నాకు గుండె జబ్బు ఉంది.’

చివరగా అమ్మే అడిగింది, ‘మనిషే పోతే?’ అని. టేబుల్ దగ్గర ఎవరూ మాట్లాడలేదు. పరాయి దేశంలో పోయినవారిని ఇంటికి పంపడానికి తెలుగు సంఘాలు చందాలు పోగుచేసిన సందర్భాలు అక్కడివాళ్లందరికీ తెలుసు. పార్థివదేహాన్ని స్వదేశం చేర్చే ఖర్చూ పాలసీలో ఉందో లేదో కొడుకు వెతికి చూపించాడు. ఉంది. ‘సరే, ఇక మ్యాపు ఇటివ్వు’ అందామె.

కొనేముందు ఈ ప్రశ్నలు

* తరలింపు దగ్గర్లోని ఆసుపత్రి వరకేనా, మనం కోరిన చోటికా?
* పాత జబ్బు వల్ల తరలించాల్సి వస్తే విడిగా పరిమితి ఉందా?
* ఓడలో, కెనడాలో చేసే వైద్యానికీ వర్తిస్తుందా?
* హెలికాప్టర్ విహారం, జిప్‌లైన్ లాంటివి మినహాయించారా?
* కొన్నాక చదివి నచ్చకపోతే తిరిగి ఇచ్చే గడువెంత?

ఆగస్టులో ఓడ కదిలింది. గ్లేసియర్ బేలో డెక్ మీద దుప్పటి కప్పుకుని నిల్చున్నారు ఇద్దరూ. మంచు గోడలోంచి ఇంటంత ముక్క విరిగి పడింది. ఆ చప్పుడుకి ఆమె ఆయన చెయ్యి పట్టుకుంది. ‘ఏం కాలేదు’ అన్నారాయన నవ్వుతూ. కోటు లోపలి జేబులో మందుల చీటీ, బీమా కాగితం మడత విప్పకుండా ఉన్నాయి. అలాగే గుంటూరు చేరాయి. డబ్బు దండగైందని మాత్రం ఆ ఇంట్లో ఎవరూ అనలేదు.