బాపమ్మ పాఠాంతరం

చిక్కడపల్లిలోని నగర కేంద్ర గ్రంథాలయానికి వెళ్లిన ప్రతిసారీ, సాయంత్రం అక్కడినుండి ఇందిరా పార్కు మీదుగా లోయర్ ట్యాంక్ బండ్ వరకు కాలినడకన పోవడం నాకు చిరకాలంగా ఉన్న అలవాటు. గ్రంథాలయ ప్రాంగణంలోను, అశోక్‌నగర్ వీధులలోను పోటీ పరీక్షలకు చదువుకొనే యువతీయువకులు కిక్కిరిసి ఉంటారు. ఆ వీధులు దాటితే ఇందిరా పార్కు. దాని చెంతనే ధర్నా చౌక్. ఇంకొంత దూరం నడిస్తే హుస్సేన్‌సాగరం కట్ట. ఆ కట్టమీద 1986లో ప్రతిష్ఠించిన మహనీయుల విగ్రహాలలో నన్నయ, తిక్కన, ఎర్రన, మొల్ల, అన్నమయ్య, క్షేత్రయ్య కొలువుదీరి ఉన్నారు. ప్రతి విగ్రహం వద్దా పేరు రాసి ఉంటుంది. కట్ట కింద, ధర్నా చౌక్‌లో వినిపించే పాటలకు మాత్రం పేరుండదు.

కొంతకాలం క్రితం అలా నడుస్తూ ఉండగా ఒక పూర్వ విద్యార్థి నాకు తోడుగా వచ్చాడు. ధర్నా చౌక్‌లో కొందరు స్త్రీలు నేలమీద కూర్చొని పాడుతున్నారు. ఒకామె ముందు పాడుతూ ఉంటే మిగిలినవారు అందుకుంటున్నారు. మాటలు వారివి, తమకు రావలసిన జీతాల గురించి కట్టుకొన్నవి. వరుస మాత్రం నాకు చిన్ననాటినుండి తెలిసినది. "సార్, ఇది గద్దర్ రాసిన 'బండెనక బండి కట్టి' వరుస కదా?" అన్నాడు ఆ విద్యార్థి. వరుసను అతడు సరిగానే గుర్తించాడు. రాసినవారి పేరు మాత్రం పొరబడ్డాడు. అతనిని తప్పుపట్టే అర్హత నాకు లేదు. ఆ వయసులో నేనూ అదే పొరపాటు చేశాను. అంతకంటె పెద్ద పొరపాటు మరొకటి కూడా చేశాను.

ఆ పాట రాసినవాడు బండి యాదగిరి. తెలంగాణ రైతాంగ సాయుధ పోరాటం 1946 నుండి 1951 వరకు సాగింది. 1946 జూలై 4న కడివెండిలో దొడ్డి కొమరయ్య నేలకొరిగిన నాటినుండి ఊరూరా సంఘం బలపడింది. పుస్తకం పట్టడం రాని జనానికి పాటే పుస్తకమైంది. ఆ కాలంలో పాటను ఆయుధంగా చేసికొన్న ప్రజాకవులలో యాదగిరి ఒకడు.

పాట నిర్మాణాన్ని గమనించండి. బండి వెనుక బండి కట్టుకొని, బారులు తీరిన బళ్లతో వచ్చే ప్రభువును కవి సూటిగా ప్రశ్నిస్తాడు. ఈ బళ్లలో నువ్వు ఏ బండిలో వస్తావని నిలదీస్తాడు. ఆనాటి పల్లెలలో వెట్టి చాకిరి అమలులో ఉండేది. దొరలు, అధికారులు ప్రయాణమైతే రైతు తన బండిని, ఎడ్లను ఉచితంగా తోలుకొని పోవలసి వచ్చేది. కనుక బండి అనే మాట వినగానే పల్లెజనానికి తమ వెట్టి గుర్తుకు వచ్చి ఉంటుందని నాకు తోస్తుంది. ఏ బండిని భయపడుతూ కట్టారో ఆ బండినే కవి ధిక్కారానికి ప్రతీకగా మార్చాడు. చిన్న చిన్న పాదాలు, మాటిమాటికీ తిరిగి వచ్చే పల్లవి, ఏకవచన సంబోధన, ఒకరు పాడగా పదిమంది అందుకొనే పద్ధతి ఈ పాటకు బలాన్నిచ్చాయి. అంతేకాదు, సంబోధన ఉన్న చోట ఎవరి పేరైనా చక్కగా ఒదిగిపోతుంది. ఎక్కడి జనం అక్కడి ప్రభువును పిలిచి నిలదీయవచ్చు.

మూడు దశాబ్దాల అనంతరం ఈ పాట చలనచిత్రంలోకి ప్రవేశించింది. కిషన్ చందర్ ఉర్దూ నవల 'జబ్ ఖేత్ జాగే' ఆధారంగా బి.నర్సింగరావు, జి.రవీంద్రనాథ్ 'మా భూమి' చిత్రాన్ని నిర్మించారు. 1979లో రూపొందిన ఆ చిత్రానికి దర్శకుడు వంగదేశీయుడైన గౌతమ్ ఘోష్. సంగీత బాధ్యత వహించినవారిలో కోస్తా ప్రాంతపు జానపద గీతాలకు ప్రాచుర్యం కల్పించిన వింజమూరి సీత ఒకరు. ఉర్దూ నవల, వంగ దర్శకుడు, కోస్తా సంగీతజ్ఞురాలు, తెలంగాణ పాట! ఒక పోరాటాన్ని తెరకెక్కించడానికి ఇందరి చేతులు కలిశాయి. సుద్దాల హనుమంతు రాసిన 'పల్లెటూరి పిల్లగాడా' పాటను సంధ్య పాడగా, యాదగిరి పాటను గద్దర్ తానే తెరపై కనిపించి పాడారు. గుమ్మడి విఠల్‌రావు అనే ఆయన అసలు పేరు కంటె గదర్ పార్టీ స్ఫూర్తితో పెట్టుకొన్న గద్దర్ అనే పేరే లోకానికి తెలుసు. ఆ గొంతులో పాట ఎంతగా ఇమిడిపోయిందంటే, విన్నవారు పాట కూడా ఆయనదే అనుకొన్నారు. తెలంగాణ రాష్ట్ర ఉద్యమంలో ఆ వరుసకు కొత్త కొత్త మాటలు వచ్చి చేరాయి. 2023 ఆగస్టు 6న గద్దర్ కన్నుమూసినప్పుడు మరల ఆ పాటే అందరి నోటా వినిపించింది.

పాట గొంతు మారినప్పుడు పేరు మారడం మన నేలకే పరిమితం కాదు. అమెరికాలోని నల్లజాతి ప్రజలు తమ ప్రార్థనా గీతాల నుండి, విషాద గీతాల నుండి 1950, 60 దశకాలలో ఒక సంగీతరీతిని తీర్చిదిద్దుకొన్నారు. దానికి వారు పెట్టుకొన్న పేరు 'సోల్', అంటే ఆత్మ. ఆ రీతిలో 'రెస్పెక్ట్' అనే పాట జగత్ప్రసిద్ధం. 1965లో దానిని రాసి మొదట పాడినవాడు ఓటిస్ రెడ్డింగ్. అతని పాటలో, కష్టపడి ఇంటికి వచ్చిన పురుషుడు తన స్త్రీని గౌరవం కోరుకొంటాడు. 1967లో అరీతా ఫ్రాంక్లిన్ అదే పాటను తీసికొని మాటలను కొంత మార్చింది. గౌరవమనే పదంలోని అక్షరాలను ఒక్కొక్కటిగా ఒత్తి పలికింది. ఆమె నోట అది స్త్రీ అడిగే పాట అయింది. అడగడం కాదు, నిలదీసే పాట అయింది. నల్లజాతి హక్కుల ఉద్యమమూ మహిళా ఉద్యమమూ ఆ పాటను తమదిగా చేసికొన్నాయి. అదే సంవత్సరం డిసెంబరులో రెడ్డింగ్ ఇరవైఆరేళ్ల ప్రాయంలో విమాన ప్రమాదంలో మరణించాడు. ఈనాడు ఆ పాట వినగానే లోకం తలచుకొనేది అరీతానే. అయినప్పటికీ రెడ్డింగ్ పేరు చెరిగిపోలేదు. రికార్డుమీద రచయిత పేరు అచ్చువేసే పద్ధతి వారికి ఉంది. రేడియోలో పాట వినిపించినందుకు ప్రతిఫలం రచయితకే చెందింది, గాయనికి చెందలేదు. అక్కడ కాగితం రచయితను కాపాడింది. పొలంలోను, అడవిలోను పుట్టిన యాదగిరి పాటకు ఆ కాగితం లేదు. దానిని మోసినది జనం గొంతు. గొంతు పాటను కాపాడగలిగింది గాని, పేరును కాపాడలేకపోయింది.

ఇక నా పెద్ద పొరపాటు సంగతి చెబుతాను. 1986లో నేను నారాయణగూడలో ఇంటర్మీడియట్ చదువుతూ ఉండేవాడిని. అశోక్‌నగర్‌లో ఒక చిన్న గదిలో ముగ్గురం అద్దెకు ఉండేవాళ్లం. ఒక మిత్రుని వద్ద 'మా భూమి' పాటల క్యాసెట్ ఉండేది. ఈ పాటను పదేపదే విని, నోటుపుస్తకంలో రాసికొని కంఠస్థం చేశాను. దసరా సెలవులకు జనగామ ప్రాంతంలోని మా ఊరికి వెళ్లి, వాకిట్లో కూర్చొని పాడాను. కంది కాయలు ఒలుస్తున్న మా బాపమ్మ తల ఎత్తి చూసింది. ఆమెకు అక్షరం ముక్క రాదు. నేను ఆపగానే ఆమె అందుకొని పాడసాగింది. నాలుగైదు పాదాలు నాకు తెలిసినవే. ఆ పైన సంబోధన వద్ద నిజాం ప్రభుత్వానికి బదులు తమ ప్రాంతపు దేశ్‌ముఖు పేరు పెట్టి పిలిచింది. తరువాతి చరణం నా పుస్తకంలో లేనే లేదు.

"బాపమ్మా, తప్పు పాడుతున్నవు. క్యాసెట్ల అట్ల లేదు" అన్నాను, నోటుపుస్తకం చూపిస్తూ.

"మీ నాయిన పుట్టకముందే పాడినం బిడ్డా ఈ పాట. మమ్ముల సంపుక తిన్నోడు మా దొర. వాని పేరు పెట్టి పాడినం. నీ కాయితంల లేకపోతే నేనేం జేద్దు?" అని నవ్వి, మళ్లీ కంది కాయలు ఒలవసాగింది. మిగిలిన చరణాలు పాడలేదు. పాడమని నేను అడగలేదు.

ఆ తరువాత నేను సంప్రదాయ సాహిత్యంలో పరిశోధన చేయబూనాను. ఒక ప్రబంధానికి లభించిన తాళపత్ర ప్రతులను, కాగితపు ప్రతులను పోల్చి చూసి, పాఠాంతరాలను నిర్ణయించడం నా పని. ఒకే పద్యం ఒక ప్రతిలో ఒక విధంగా, మరొక ప్రతిలో మరొక విధంగా ఉంటుంది. ఆ భేదమే పాఠాంతరం. ఒకనాడు ఒక ప్రతిలోని పదాన్ని లేఖక దోషంగా భావించి కొట్టివేశాను. అది చూసి మా గురువుగారు, "తప్పని కొట్టివేయడానికి ముందు అది ఏ ఊరి మాటో అడిగావా?" అన్నారు. ఆ మాట వినగానే నాకు మా వాకిలి, కంది కాయలు, బాపమ్మ నవ్వు గుర్తుకు వచ్చాయి. బాపమ్మ పాడినది తప్పు కాదు, పాఠాంతరం. పైగా అది నా క్యాసెట్టు కంటె ముప్పై ఏళ్లకు పైగా పాతది. కాని అప్పటికే ఆలస్యమైపోయింది. అంతకు ముందు సంవత్సరమే, 1993లో, ఆమె మరణించింది.

మార్గం తెలియక చేసిన తప్పని చెప్పుకొనే వీలు కూడా నాకు లేదు. పందొమ్మిదవ శతాబ్దంలో సి.పి.బ్రౌన్ పండితులచేత ప్రతులు సేకరింపజేసి, వేమన పద్యాలను 1829లో అచ్చువేయించాడు. నేను చదివిన ఉస్మానియా విశ్వవిద్యాలయంలోనే ఆచార్య బిరుదురాజు రామరాజు పల్లెపల్లెకూ తిరిగి పాటలు సేకరించి, జానపద గేయ సాహిత్యంపై తొలి పరిశోధన గ్రంథాన్ని రూపొందించారు. ఆ రెండు సంగతులనూ పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకొన్నవాడిని నేను. ఎవరో లేఖకుడు ఎన్నడో రాసిన ఒక అక్షరం కోసం నెలల తరబడి తాటాకులు తిరగవేశాను. నా ఇంటి వాకిట్లో పాడిన ఒక చరణాన్ని మాత్రం రాసికోలేదు.

ధర్నా చౌక్ వద్ద నా విద్యార్థికి బండి యాదగిరి పేరు చెప్పాను. అతడు కొంతసేపు మౌనంగా ఉండి, "మరి గద్దర్ గొప్పతనం తగ్గుతుందా సార్?" అని అడిగాడు. తగ్గదన్నాను. గద్దర్ పాడకపోతే ఆ పాట మన తరందాకా వచ్చేది కాదేమో. మా ఊరి బాపమ్మలు పాడకపోతే గద్దర్‌దాకా వచ్చేది కాదేమో. యాదగిరి రాయకపోతే పాటే లేదు. ముగ్గురి రుణమూ మనకుంది. అందులో ఇద్దరి రుణాన్ని మనం మరచిపోతున్నాము. మేము మాట్లాడుకొంటూ ఉండగానే ఆ స్త్రీలు మరొక చరణం ఎత్తుకొన్నారు. నా విద్యార్థి సంచిలోనుండి కాగితం తీసి, వారి దగ్గరకు వెళ్లి కూర్చొన్నాడు.

ఇప్పుడు ప్రతి సంవత్సరం మొదటి తరగతిలోనే నా విద్యార్థులకు ఒక పని అప్పగిస్తున్నాను. మీకూ అదే చెబుతున్నాను. సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు మీ నాయనమ్మనో, అమ్మమ్మనో, పక్కింటి పెద్దమనిషినో ఒక పాట పాడమనండి. వారు పాడినది పాడినట్లు రాయండి. మీకు తెలిసినదానితో సరిపోకపోయినా దిద్దవద్దు. పాడినవారి పేరు, ఊరు, వారికి ఆ పాట నేర్పినవారి పేరు, రాసిన తేది కింద వేయండి. చేతిలోని సెల్‌ఫోనులో గొంతును కూడా నిక్షిప్తం చేయవచ్చు. నా కాలంలో అంత సులభ సాధనం లేదు గాని, పెన్సిలు ఉండేది.

1986 నాటి ఆ నోటుపుస్తకం ఇప్పటికీ నా వద్ద ఉంది. పాట ముగిసిన చోట, తరువాత చాలా కాలానికి, 'పాఠాంతరం' అని రాసి కింద మా బాపమ్మ పేరు, ఊరి పేరు వేశాను. ఆమె సంబోధించిన దొర పేరు జ్ఞాపకముంది, అది రాశాను. దాని కింద ఒక చరణానికి సరిపడా చోటు వదలి ఉంచాను.