ఆర్కిడ్‌కి ముందు గాలి, తర్వాతే తేమ

టెర్రేరియంలో ఆర్కిడ్లు పెంచేవాళ్లు చాలామంది తేమ గురించే దిగులు పడతారు. మూత బిగించి, రోజూ నీళ్లు స్ప్రే చేసి, అద్దానికి ఆవిరి పడితే సంతోషిస్తారు. నేనైతే ముందు గాలి సంగతి చూడమంటాను.

మనం పెంచే ఆర్కిడ్లలో ఎక్కువ భాగం అడవిలో చెట్టుకొమ్మల్ని పట్టుకుని బతికేవే. వానకి నిలువునా తడుస్తాయి, కాసేపటికే గాలికి ఆరిపోతాయి. వాటి వేరుని దగ్గరగా చూడండి. పైనున్న వెలామెన్ పొర తడవగానే పచ్చబడుతుంది, ఆరగానే వెండిరంగుకి తిరుగుతుంది. గాలి ఆడని పెట్టెలో ఆ వేరుకి ఆరే అవకాశమే ఉండదు. గోధుమరంగుకి మారి, మెత్తబడి కుళ్లిపోతుంది. మొవ్వులో రాత్రంతా నీళ్లు నిలిచినా అంతే ప్రమాదం.

19వ శతాబ్దంలో ఇంగ్లండ్‌లోని ఉక్కపోత గాజుగృహాల్లో ఎన్నో ఆర్కిడ్లు ఇలాగే చచ్చిపోయాయి. అక్కడి చాట్స్‌వర్త్ తోటలో తోటమాలి జోసెఫ్ పాక్స్‌టన్ వేడి తగ్గించి, గాలి ఆడనిచ్చి మంచి ఫలితాలు సాధించాడు.

మనకి అంత ఏర్పాటు అక్కర్లేదు. 12 వోల్టుల చిన్న కంప్యూటర్ ఫ్యాన్‌ని పెట్టె లోపల పైభాగాన బిగించి, 5 లేదా 9 వోల్టుల అడాప్టర్‌తో మెల్లగా తిప్పితే చాలు. గాలి నేరుగా మొక్కకి కొట్టకుండా ఫ్యాన్ ముఖం అద్దం వైపు పెట్టండి. లోపలి గాలే తిరుగుతుంది కాబట్టి తేమ అంతగా బయటికి పోదు. నీళ్లు పొద్దునే కొట్టండి. చీకటి పడేలోగా ఆకులు ఆరకపోతే మూత కాస్త తెరవండి.