తోకమాటలు

నేను తెలుగులో ఎం.ఏ. చదివి, కాలేజీలో తెలుగు పాఠాలు చెప్పుకుని బతుకుతున్నవాణ్ణి. ఇంగ్లీషు గురించి వ్రాయడానికి నీకేం అధికారం ఉందయ్యా అని మీరు అడగవచ్చు. అధికారం లేదు గాని, ఒక అపరాధం ఉంది. అది చెప్పుకుంటే గాని మనసు కుదుటపడేట్టు లేదు.

మేముండేది హైదరాబాదు శివార్లలో, మేడ్చల్ జిల్లా నాగారంలో. మా ఎదురింట్లో ఒక పెద్దమ్మ ఒక్కతే ఉంటుంది. కొడుకూ కోడలూ అమెరికాలో. మనుమడికి పదమూడేళ్లు. వాడికి తెలుగు వింటే అర్థమవుతుంది గాని వ్రాయడం రాదు. అందుచేత నానమ్మకు ఫోనులో ఇంగ్లీషులోనే నాలుగు ముక్కలు పంపుతుంటాడు. ఆవిడ ఆ ఫోను పట్టుకుని మా ఇంటికి వస్తుంది. నేను చదివి చెబుతాను. వీధిలో నాకున్న గౌరవంలో సగం ఆ ఉద్యోగం వల్ల వచ్చిందే.

ఒక సంక్రాంతికి వాళ్లంతా వస్తామన్నారు. పెద్దమ్మ బియ్యం నానబోసి, పిండి పట్టించి, వామూ నువ్వులూ కలిపి, పాత చీర పరిచి దానిమీద చుట్టలు చుట్టి, డబ్బాడు సకినాలు చేసి పెట్టింది. పండుగ ఇంకా పది రోజులుందనగా ఒకనాడు పొద్దున్నే గాభరాగా వచ్చింది.

“సారూ, జర ఇది చదివి చెప్పు. ఫెల్ అని రాసిండు పోరడు. ఫెల్ అంటే పడుడే గద? మా కొడుకు ఎక్కడన్న పడ్డడా?”

ఫోను తీసుకుని చూశాను. “వియ్ హావ్ టు పుట్ ఆఫ్ ద ట్రిప్. డాడ్స్ లీవ్ ఫెల్ త్రూ. వియ్ విల్ మేకప్ ఫర్ ఇట్, ఐ ప్రామిస్” అని ఉంది.

“ఎవరూ పడలేదమ్మా! మీ అబ్బాయికి సెలవు దొరకలేదట. ప్రయాణం మానుకున్నారు” అన్నాను. ‘ఆఫ్’ అంటే నాకు తెలిసింది ఒక్కటే. ఫ్యాను ఆఫ్, బోరు మోటారు ఆఫ్. ఆఫ్ అయిందంటే ఆగిపోయినట్టే. చివరి వాక్యం మాత్రం నాకు పొసగలేదు. మేకప్ అంటే ముఖానికి పూసుకునేదని తెలుసు. దానికీ ప్రయాణానికీ సంబంధమేమిటి? తెలియలేదని ఒప్పుకోవడానికి పంతులుతనం అడ్డొచ్చింది. దాన్ని మింగేసి ఊరుకున్నాను.

“ఇగ రారన్నట్టే గద” అన్నది పెద్దమ్మ. ఫోను చేసి అడగరాదా అన్నాను. “రానోణ్ణి ఎందుకు రావని అడిగి వాణ్ణి బాధపెట్టుడెందుకు సారూ” అని వెళ్లిపోయింది. కాసేపటికి సకినాల డబ్బా తెచ్చి మా ఆవిడ చేతిలో పెట్టింది. “నాకు పండ్లు లేకపాయె. మీ బిడ్డ తింటది” అన్నది.

రాత్రి మా అమ్మాయి సకినం కొరుకుతూ సంగతేమిటని అడిగింది. చెప్పాను. అది నమలడం ఆపేసింది.

“నాన్నా, పుట్ ఆఫ్ అంటే వాయిదా వేయడం. మానుకుంటే కాల్ ఆఫ్ అంటారు. మేకప్ ఫర్ ఇట్ అంటే ఈ లోటు తీరుస్తాం అని. వాళ్లు వస్తామనే చెబుతున్నారు. నువ్వు రారని చెప్పావా?”

ఇంటర్మీడియెట్ చదువుతున్న కూతురి ముందు అంత చిన్నబోవడం నాకదే మొదలు. డబ్బా తీసుకుని వీధి దాటాను. ఎదురింట్లో దీపం ఇంకా వెలుగుతూనే ఉంది. నా పొరపాటు చెప్పాను. పెద్దమ్మ కోప్పడలేదు. “వాయిదా అంటే వస్తరన్నట్టే గద సారూ!” అని, అప్పటికప్పుడు ఫోను చేసింది. జూన్‌లో, బడి సెలవుల్లో వస్తామన్నారు. కొడుకు ఆ మాటే రాయించానన్నాడు. తప్పంతా రాసినవాడిది కాదు, చదివినవాడిది.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. పోస్ట్‌పోన్ అని వ్రాసి ఉంటే నేను పొరబడేవాణ్ణి కాదు. ఆ మాట మన ఇళ్లలో అందరికీ తెలుసు. పరీక్ష పోస్ట్‌పోన్ అయిందంటాం, రైలు క్యాన్సిల్ అయిందంటాం. పుట్ ఆఫ్, కాల్ ఆఫ్ అని ఎవరూ అనరు. ఎందుకంటే మనం ఇంగ్లీషును పుస్తకం ద్వారా, ఆఫీసు ద్వారా నేర్చుకున్నాం. లాటిన్ నుంచి వచ్చిన పెద్దమాటలు మనకు పట్టుబడ్డాయి. వాళ్ల ఇళ్లలో, వంటింట్లో, భోజనాల బల్ల దగ్గర తిరిగే చిన్నమాటలు అందలేదు. ఆ కుర్రవాడు నానమ్మకు ఇంటిభాషలో వ్రాశాడు. నేను దాన్ని బడిభాషతో చదివాను.

ఇది ఇంగ్లీషువాళ్లకూ తెలియని సంగతి కాదు. 1755లో గొప్ప నిఘంటువు వెలువరించిన శామ్యూల్ జాన్సన్, క్రియ వెనక ఓ చిన్న మాట చేరి అర్థాన్నే మార్చివేయడం తమ భాషలో మరీ ఎక్కువనీ, పరాయివాళ్లను అన్నిటికంటె ఎక్కువ కష్టపెట్టేది అదేననీ పీఠికలోనే ఒప్పుకున్నాడు. వీటికి ‘ఫ్రేజల్ వెర్బ్’ అన్న పేరు 1925లో లోగన్ పియర్సాల్ స్మిత్ పుస్తకంతో ప్రచారంలోకి వచ్చింది. ఇంగ్లీషు బోధన కోసమే 1958లో మన హైదరాబాదులో ఒక కేంద్ర సంస్థ వెలిసింది. ఇవాళ అది ఇఫ్లూ అనే విశ్వవిద్యాలయం. తార్నాక వైపు వెళ్లినప్పుడల్లా దాని పక్కనుంచే పోతుంటాను. పోతుంటాను గాని, దాని గాలి నాకు సోకలేదన్నమాట!

మనం ఈ తోకమాటల్ని బొత్తిగా తీసుకోలేదని కాదు. తీసుకున్నవాటిని నామవాచకం చేసి, వెనక మన ‘చేయు’నో ‘అవు’నో తగిలించాం. పిల్లల్ని పికప్ చేసుకుంటాం. బస్సు బ్రేక్‌డౌన్ అవుతుంది. కుర్రవాడు కాలేజీనుంచి పాసవుట్ అవుతాడు. ఈ చివరిమాట అమెరికాలో అంటే మాత్రం, ఎందుకు స్పృహ తప్పిందని అడుగుతారు.

ఇంతకూ నన్ను ఎక్కువ సిగ్గుపడేట్టు చేసింది ఇంగ్లీషు రాకపోవడం కాదు. ఇలాంటి చమత్కారమే తెలుగులో ఉంది, దాన్ని ఇన్నేళ్లుగా నేనే పాఠం చెబుతున్నాను. ‘తినేయి’ అన్నప్పుడు ఎవరూ ఏమీ విసిరివేయరు. పని పూర్తి చెయ్యమని అర్థం. ఇంగ్లీషులో ‘ఈట్ అప్’ అదే. అక్కడ ‘అప్’ అంటే పైకి కాదు. ఒకరి మాటను కొట్టిపారేస్తే దెబ్బ ఎవరికీ తగలదు. ‘కనిపెట్టు’ అంటే ‘ఫైండ్ అవుట్’. అదే ‘కనిపెట్టుకుని ఉండు’ అంటే ‘లుక్ ఆఫ్టర్’. ఒక్క ‘కొను’ చేరేసరికి శోధన కాస్తా సంరక్షణ అయింది. ఈ మాటల్ని ముక్కలుగా విరిచి మనకు ఎవరూ నేర్పలేదు. అమ్మ నోట వాక్యంలో విన్నాం, వాక్యంగానే పట్టుకున్నాం. ఇంగ్లీషు తోకమాటకైనా అదే దారి. పట్టిక వ్రాసి బట్టీపట్టిస్తే రాదు. ఎవరు, ఎవరితో, ఏ సందర్భంలో అన్నారో దానితో సహా పట్టుకోవాలి. ఇప్పుడు నేను పుట్ ఆఫ్ ఈ జన్మలో మరిచిపోను. దానికి సకినాల వాసన అంటుకుంది.

జూన్‌లో వాళ్లు వచ్చారు. పెద్దమ్మ మళ్లీ పిండి పట్టించింది. ఒక సాయంకాలం అరుగుమీద కూర్చుని మనుమడికి పాత ముచ్చట్లు చెబుతున్నది. “మీ నాయిన చిన్నప్పుడు బడి ఎగ్గొట్టి చెరువుకు పోయిండు. అది తెలిసి మీ తాత మండిపడ్డడు” అన్నది.

కుర్రవాడి ముఖం పాలిపోయింది. మెల్లిగా నా దగ్గరికి వచ్చి అడిగాడు.

“అంకుల్, తాత మంటలో పడ్డాడా?”

ఈసారి మా అమ్మాయిని పిలవవలసిన పని లేకపోయింది. వాణ్ణి పక్కన కూర్చోబెట్టుకున్నాను.