పిడి తిప్పే ముందు మోటారు ఆపండి!

స్విమ్మింగ్‌పూల్ అంటే సినిమాల్లో గొప్పవాళ్ళ బంగళాల్లోనే చూసే రోజులు పోయాయి. ఇప్పుడు హైదరాబాద్‌లో కాస్త పెద్ద అపార్ట్‌మెంట్లు చాలావాటిలో కింద ఓ కొలను ఉంటోంది. వేసవి సెలవులొస్తే పిల్లలు సాయంత్రమంతా అందులోనే! మరి ఆ నీళ్ళెలా శుభ్రపడుతున్నాయో మనలో ఎందరం చూశాం? "అవన్నీ మగవాళ్ళు చూసుకుంటార్లే" అంటారా? కుక్కర్ వాడటం వచ్చినవాళ్ళకి ఇదేం బ్రహ్మవిద్య కాదండీ. ఇంటర్‌తో చదువాపేసిన నేనే నేర్చుకున్నాను.

మోటారు గదిలో పెద్ద డ్రమ్ములాంటిది ఉంటుంది. దాన్నిండా ఇసుక. నీళ్ళు పైనుంచి ఇసుకలోకి దిగుతుంటే మురికి అక్కడే ఆగిపోయి, తేటనీరు కొలనుకి వెళ్తుంది. ఆ డ్రమ్ముకి పైనో పక్కనో పిడితో ఉండేదే మల్టీపోర్ట్ వాల్వ్. సాధారణంగా దానిమీద ఆరు పేర్లుంటాయి: ఫిల్టర్, బ్యాక్‌వాష్, రిన్స్, వేస్ట్, రీసర్క్యులేట్, క్లోజ్డ్.

రోజూ ఉండాల్సింది ఫిల్టర్ మీదే. ఇసుకలో మురికి పేరుకుంటే ప్రెషర్ మీటరు ముల్లు పైకెక్కుతుంది. శుభ్రంగా ఉన్నప్పటికంటే 8 నుంచి 10 పౌండ్లు పెరిగితే బ్యాక్‌వాష్ చేయాలి. టీ జల్లెడని బోర్లించి కుళాయి కింద పెడితే ఇరుక్కున్న పొడి ఊడొస్తుంది చూడండి, అచ్చం అలాగే! నీళ్ళు కిందనుంచి పైకి ఎదురెక్కి మురికిని బయటి గొట్టంలోకి తోసేస్తాయి. పక్కనున్న గాజు బుడ్డిలో నీళ్ళు తేటపడేదాకా, రెండు మూడు నిమిషాలు చాలు. తర్వాత ఓ నిమిషం రిన్స్. అది మానేస్తే మిగిలిన మురికి తిరిగి కొలనులోకే వస్తుంది. ఆపైన మళ్ళీ ఫిల్టర్. మంచిదే కదా అని రోజూ బ్యాక్‌వాష్ చేయకండి, బోలెడు నీళ్ళు దండగ. క్లోజ్డ్‌లో ఉండగా మోటారు అసలే వేయకూడదు.

అసలు సంగతి ఇది. పిడి తిప్పే ప్రతిసారీ ముందు మోటారు ఆపాలి. ఆపాక పిడిని కిందికి నొక్కి తిప్పాలి. లోపల బండి చక్రం ఆకుల్లా ఉండే రబ్బరు గాస్కెట్ ఉంటుంది. మోటారు నడుస్తుండగా తిప్పితే నీటి విసురుకి అది లేచిపోతుంది.

కిందటి వేసవిలో మా కొలనులో నీళ్ళు రోజుకి నాలుగు వేళ్ళ చొప్పున తగ్గిపోయాయి. ఒకపక్క ట్యాంకర్ల ఖర్చు, మరోపక్క టైల్స్ పగలగొట్టాలన్న కాంట్రాక్టరు. నేను వాచ్‌మన్‌ని వెంటబెట్టుకుని మోటారు గదికెళ్ళి చూశాను. పిడి ఫిల్టర్ మీదే ఉంది, కానీ బయటి గొట్టంలోంచి సన్నగా నీళ్ళు పోతూనే ఉన్నాయి! మెకానిక్ వచ్చి వాల్వ్ విప్పితే గాస్కెట్ ఒకవైపు లేచి ఉంది. అది మార్చాక కారడం ఆగింది, టైల్స్ బతికాయి.

వాచ్‌మన్ మోటారు నడుస్తుండగానే పిడి తిప్పేవాడట. అతన్ని మాన్పించేద్దామన్నారు కొందరు. "నాకెవరు చెప్పారమ్మా?" అన్నాడు పాపం. నిజమే కదా! మావారి చేత పద్ధతంతా తెలుగులో రాయించి గోడకి అంటించాం. అప్పట్నుంచి అతనే దగ్గరుండి జాగ్రత్తగా చూసుకుంటున్నాడు.

మరో మాట. గాస్కెట్‌కి వాజ్‌లైన్ రాయనివ్వకండి, రబ్బరు ఉబ్బిపోవచ్చు. సిలికాన్ గ్రీజే వాడాలి.

ఇదంతా నీళ్ళ అందం కోసం కాదండీ. నీళ్ళు మసగ్గా ఉంటే, మునిగిన బిడ్డ గట్టుమీదున్న తల్లికి కనబడదు. అందుకే పిల్లల్ని దింపేముందు ఒక్కసారి తొంగిచూడండి. లోతైన చోట అడుగునున్న జాలీ స్పష్టంగా కనబడకపోతే, పిల్లలు ఎంత ఏడ్చినా సరే, ఆ పూట ఈత వద్దు.