పెట్టెకు పురుడు

దుబాయిలో ఉన్న మా అల్లుడు మొన్న సంక్రాంతికి సూరత్ వస్తూ నాకొక నగిషీ పెట్టె మోసుకొచ్చాడు. హ్యుమిడార్ అట, సిగార్లు దాచుకునేది. "ముందు సీజనింగ్ చెయ్యాలి మామయ్యగారూ, తొందరపడి ఏమీ పెట్టేయకండి" అని చెప్పి విమానం ఎక్కేశాడు. ఆనాటి నుంచి మా ఇంట్లో బాలింత ఉన్నట్టే ఉంది.

లోపలంతా స్పానిష్ సెడార్ పలకలు. పేరుకు సెడారే గాని దేవదారుకు ఏమీ కాదు, మన వేపచెట్టు కుటుంబం. ఆ సంగతి తెలిశాక దాని మీద నాకు కాస్త భయం తగ్గింది. చెక్క ఎండి ఉంటే సిగార్లలో తేమంతా తానే తాగేస్తుంది కనుక ముందు దాని దాహం తీర్చాలి. తడిగుడ్డ పెట్టి తుడిస్తే పలక వంకర పోతుంది. చిన్న గిన్నెలో డిస్టిల్డ్ వాటర్ పోసి లోపల ఉంచి, వారం పది రోజులు మూత ముట్టకూడదు. ఆ నీళ్ల కోసం బ్యాటరీ షాపుకెళ్తే "ఇన్వర్టర్ మాటే?" అన్నాడు, ఇన్వర్టర్ కోసమా అని. అవునన్నాను. ఇంకేం చెప్పను?

తేమ కొలిచే మీటరుకు వేరే పరీక్ష. సోడా మూతలో చెంచాడు ఉప్పు, కరిగిపోకుండా నాలుగు చుక్కల నీళ్లు. మీటరుతో కలిపి జిప్ కవర్లో రాత్రంతా ఉంచితే ముల్లు 75 మీద నిలవాలి. మాది 69 దగ్గర కూలబడింది. అంటే బతికినంత కాలం దానికి ఆరు కలుపుకోవాలి. "ఆవకాయకి కూడా ఇంత మడి లేదండీ" అంది మా ఆవిడ.

65 నుంచి 70 శాతం తేమ ఉండాలట. వేడి 25 డిగ్రీలు దాటితే పొగాకు పురుగు లేస్తుందట. సూరత్‌లో 25 దాటనిది చలికాలం తెల్లవారుజామున మాత్రమే. జూలై వచ్చిందా, ఊరే హ్యుమిడార్. బీరువాలో బెల్టుకు బూజు పడుతుంది.

మా తాతయ్యది గోదావరి లంక పొగాకు, వరద ఒండ్రులో పండిన ఆకు. పెళుసెక్కితే చేత్తో నీళ్లు చిలకరించి, తడిగుడ్డలో చుట్టి చూరులో దోపేవాడు. మీటరు ఆయన బొటనవేలే. నొక్కితే చిటపటమనకూడదు. అంతెందుకు, కన్యాశుల్కంలో గిరీశం ఏ పెట్టె పెట్టుకుని కాల్చాడు?

చుట్ట విలువ నాకు తెలిసింది మాత్రం 2006 ఆగస్టులో. ఉకాయ్ డ్యామ్ నీళ్లు వదిలారు, తాపీ నది ఊరి మీద పడింది. అడాజణ్‌లో మా కింది వాటా మునిగితే పై వాటాకెక్కాం. అక్కడి పెద్దాయన సిరిసిల్ల నుంచి మగ్గాల పనికొచ్చి స్థిరపడ్డ పద్మశాలి. కరెంటు లేదు. చుట్టూ నీళ్లే, తాగడానికి చుక్క లేదు. నా జేబులో అగ్గిపెట్టె నాని ముద్దయింది. ఆయన స్టీలు టిఫిన్ డబ్బా తెరిచి రెండు చుట్టలు, ఒక అగ్గిపెట్టె తీశాడు. ఒక్క పుల్లకే వెలిగింది. "ఓ దమ్ము గుంజుండ్రి సారూ" అన్నాడు. ఆ మూడు రోజులూ ఆ రెండు చుట్టలే, ఆర్పుకుంటూ, వెలిగించుకుంటూ. ఆయన పోయారు. ఆ డబ్బాలో ఇప్పుడు వాళ్ల కోడలు పోపుగింజలు పోసుకుంటోంది.

పెట్టె సిద్ధంగా ఉంది. ముల్లు 62 చూపిస్తోంది, అంటే 68. అల్లుడు సిగార్లు మాత్రం తేలేదు. విజయవాడ నుంచి నవజీవన్ ఎక్స్‌ప్రెస్‌లో ఇటు వచ్చేవారెవరైనా ఉంటే ఒక కట్ట లంక చుట్టలు పట్టుకురండి. స్టేషన్‌కి నేనే వస్తాను.