పడ్డ బంతి, పడ్డ మనిషి

మిరప కోతలు ముమ్మరంగా ఉన్నాయి కాబట్టి, పోస్టు కాస్త పొడుగైనా చదవండి.

మా ఊళ్లో రెండు సంగతులు జరిగాయి. ఒకాయన పత్తి లోడు మీద నుంచి, పదడుగులు ఉంటుందేమో, దున్నిన చేలో పడ్డాడు. దుమ్ము దులుపుకుని లేచాడు. ఇంకో పెద్దామె ట్రక్కు అంచు మీద నుంచి సిమెంటు రోడ్డు మీద పడింది. ఐదడుగులే. తుంటి ఎముక విరిగి, ఆ ఏడాది మళ్లీ కోతకు రాలేదు. అందరూ తలరాత అన్నారు. రాత సంగతేమో గానీ, ఇందులో లెక్క మాత్రం ఉంది.

ఆ లెక్క అర్థం కావడానికి ఒక బంతి చాలు. కార్తీక మాసంలో వాడరేవు సముద్ర స్నానానికి పోయినప్పుడు పిల్లల టెన్నిస్ బంతిని భుజం ఎత్తు నుంచి మూడు చోట్ల వదిలి చూశాను. పొడి ఇసుకలో చతికిలపడింది. అలలు తడిపిన గట్టి ఇసుకలో కొంచెం లేచింది, మోకాలి దాకా రాలేదు. సిమెంటు మీద తొడల దాకా ఎగిరింది.

బంతి అదే, ఎత్తు అదే. కాబట్టి నేలను తాకేటప్పుడు వేగమూ శక్తీ కూడా అవే. ఆ శక్తి ఎటు పోయిందన్న దగ్గరే తేడా. పొడి ఇసుకలో రేణువుల్ని పక్కకు నెట్టడానికి, వాటి రాపిడికి ఖర్చయిపోయింది. సిమెంటు కదలదు. అందుకని బంతే నొక్కుకుపోయి, స్ప్రింగులా విచ్చుకుని పైకి లేచింది. అప్పుడైనా మొత్తం తిరిగి రాదు. 100 అంగుళాల ఎత్తు నుంచి గట్టి నేల మీద వదిలితే 53 నుంచి 58 అంగుళాలు లేవాలని టెన్నిస్ బంతికి అంతర్జాతీయ నిబంధన. మిగతాది చాలావరకు రబ్బరు వేడెక్కడానికే పోతుంది.

ఇప్పుడు మనిషి దగ్గరికి వద్దాం. పదడుగులంటే మూడు మీటర్లు. అక్కడి నుంచి పడితే నేలను తాకేటప్పటికి వేగం గంటకు దాదాపు 28 కిలోమీటర్లు. ఎంత దూరంలో ఆగామన్న దాన్ని బట్టే దెబ్బ. పడ్డ ఎత్తును ఆగిన దూరంతో భాగిస్తే, ఇంచుమించు మన బరువుకు అన్ని రెట్ల బలం ఒంటి మీద పడుతుంది. దున్నిన మట్టి 15 సెంటీమీటర్లు దిగిందనుకోండి, 20 రెట్లు. 50 కిలోల మనిషికి పది క్వింటాళ్లు. సిమెంటు మీద రెండు సెంటీమీటర్లలో ఆగితే 150 రెట్లు, అంటే 75 క్వింటాళ్లు! ఐదడుగులే పడ్డ పెద్దామెకు కూడా 75 రెట్లు. పదడుగుల నుంచి చేలో పడ్డాయన కంటే దగ్గర దగ్గర నాలుగింతలు. బంతికి నొక్కుకుపోయే రబ్బరుంది. ఎముక నొక్కుకుపోదు, విరుగుతుంది. హెల్మెట్ లోపలి థర్మాకోల్ చేసే పని కూడా ఇదే, తల ఆగే దూరాన్ని కాస్త పెంచడం.

మన నాన్నల కాలంలో బండి మీద నుంచి పడినా మట్టి బాటే. ఇప్పుడు ఊళ్లో సిమెంటు రోడ్లు, ఊరు దాటితే వాడరేవు నుంచి పిడుగురాళ్ల పోయే 167ఏ హైవే. రోడ్లు బాగుపడ్డాయి, సంతోషం. కానీ పడితే దెబ్బ పెరిగింది. పైగా ట్రాక్టరు వేగం కూడా తోడవుతుంది. స్పీడు బ్రేకరు ఎక్కి ట్రక్కు కిందికి దిగుతుంటే, పైనున్న మనిషి అదే ఊపులో ఇంకా పైకే లేస్తాడు. పట్టుకోవడానికి అక్కడేమీ ఉండదు.

అందుకే అన్నలూ, టిక్కీల లోడు మీద మనుషుల్ని ఎక్కించొద్దు. వాళ్లకు వేరే బండి పెడదాం. ఈ ధరల్లో ఇంకో కిరాయి భారమే, కాదనను. కానీ మనం తాడు బిగించేది టిక్కీలకే, వాటి పైన కూర్చున్న కూలీకి కాదు. టిక్కీ పడితే కాయ చితుకుతుంది, మళ్లీ ఎత్తి వేసుకుంటాం.

మీ ఊళ్లో కూలీల్ని ఎలా తీసుకెళ్తున్నారో, కిరాయి ఎంత పడుతుందో చెప్పండి. నలుగురు రైతులం కలిస్తే ఒక ఆటో ఖర్చు పెద్దదేం కాదు.